ఏడో గదిలో గుంత

అమ్రోలి, సూరత్
ఆగస్టు 3

బిడ్డ ఉదయకు తాత ముత్యం దీవెనలు.

ముందుగాల నా బాధ రాసుకోని, తర్వాత నీ మంచిచెడ్డలు అడుగుత. మీ అమ్మ కొత్త చాయ్ కప్పులు కొన్నది. అండ్ల ఖారీ బిస్కట్ పడ్తలేదు. నిలువు వెట్టినా పడ్తలేదు, అడ్డం వెట్టినా పడ్తలేదు. సగానికి ఇరిస్తే పొట్టంత లుంగీ మీద. డెబ్బై నాలుగేండ్ల మనిషి బిస్కట్‌ను ఇరుసుకొని తినాల్నా? అడిగితే మీ అమ్మ, "చాయ్ తక్కువ తాగాలని డాక్టర్ చెప్పిండు మామా" అన్నది. డాక్టర్ చాయ్ గురించి చెప్పిండు. ఖారీ గురించి ఏమన్న అన్నడా?

ఫోన్ల మాట్లాడుమంటవు. నీ మాట నాకు ఇనవడది. ముప్పై ఎనిమిదేండ్లు సాంచాల, గా కరెంటు మగ్గాల, నడుమ నిలవడ్డ చెవులివి. మాలిక్ సాంచాలు అమ్మేసి ఎనిమిదేండ్లాయె, అయినా నా తలకాయల ఒక షిఫ్టు నడుస్తనే ఉన్నది. అందుకే కాయితం. నేను రాస్త, మీ అమ్మ ఫోటో కొట్టి వాట్సాప్‌ల పంపుతది. చదివే పంపుతది. కాబట్టి ఒక మాట రాయాలె: మీ అమ్మ జమున బంగారం. ఇది చదివినంక ఇంకో కప్పు పోస్తదేమో చూద్దాం.

నీ కొలువు సంగతి చెప్పు. ఠాకోర్ శేఠ్ నా పాత మాలిక్ గనుక, నా మాట మీద వాళ్ల కొడుకు చిరాగ్ నిన్ను తోలుకపోయిండు. నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది. కానీ నాకొక్కటి సమజ్ కాలే. ఎప్పుడో మూతవడ్డ తెల్లోళ్ల చెరుకు తోట, కూలిపోయిన మిల్లు, దాన్ని పెండ్లిళ్ల హోటల్ చేస్తరట. పాడువడ్డ ఖండర్ల పెండ్లేందే? మన కింది గది నర్సింగం అంటడు, "పెండ్లయినంక సంసారం ఎట్లుంటదో ముందే చూపిస్తరు కావచ్చు" అని. వాని పెండ్లాం ఎనుకనే నిలవడ్డది. ఇయ్యాల వానికి బువ్వ లేదు.

చక్కెర దేశం పోయినవు, నీ చాయ్ల ఎన్ని చెంచాలు ఏస్తున్నరో రాయి. ఇనుడన్న ఇంట.

మీ తాత
ముత్యం


పేషెన్స్ ఎస్టేట్, ట్రినిడాడ్
ఆగస్టు 11

తాతా,

నీ ఉత్తరం సైట్ ఆఫీసులో చదివి పెద్దగా నవ్వాను. చిరాగ్‌భాయ్ తొంగి చూసి, "షేర్లు పెరిగాయా?" అని అడిగారు.

ఇక్కడ చక్కెర లేదు తాతా, చక్కెర వండిన చోటు మాత్రం ఉంది. ఇటుక పొగగొట్టం సగానికి విరిగి నిలబడి ఉంది. రసం కాచిన ఇనుప కడాయిలు ఐదున్నాయి, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా. పెద్దదాంట్లో నువ్వూ నర్సింగం తాతా కాళ్లు చాపుకొని కూర్చోవచ్చు. ఇప్పుడు దాంట్లో వాననీళ్లు, కప్పలు. వాకిట్లో ఒక గంట ఉంది. అది మోగితే మనుషులు లేవాలి, అది మోగితే పడుకోవాలి. మొదట ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. వాళ్లను కట్టి కొట్టిన రాతి స్తంభం ఇంకా ఉంది. ఇనుప కడియం కూడా ఉంది. దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. వాళ్లకు విడుదల వచ్చాక, అయిదేళ్ల కరారు మీద మనవాళ్లను ఓడల్లో తెచ్చారు. కలకత్తా నుంచి, మద్రాసు నుంచి. మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లు కూడా ఉన్నారట.

వాళ్లుండిన లైనులో పన్నెండు గదులు. ఒక్కోటి పదడుగులకు పది. నువ్వు సూరత్ వచ్చిన కొత్తలో ఎనిమిది మందితో ఉన్న గది కంటే రెండడుగులు పెద్దదే.

తాళాలన్నీ మిస్ డాలీ అనే ముసలమ్మ దగ్గర ఉంటాయి. ఎనభై ఏళ్లు. వాళ్ల ముత్తాత మద్రాసు ఓడలోనే వచ్చాడట. టూరిస్టులు వస్తే ఆవిడే తిప్పి చూపిస్తుంది. ఏడో గదిలో నేలలో ఒక గుంత ఉంది. మాట వినని కూలీని అందులో నడుము దాకా దించి రోజంతా ఉంచేవారని చెప్తుంది. టూరిస్టులు అక్కడ టోపీలు తీసి నిలబడతారు. నాకైతే మొదటిరోజు అన్నం సహించలేదు. ఫోటో పంపుతున్నాను.

చిరాగ్‌భాయ్‌కి ఆ గుంత నచ్చలేదు. "శిక్షలు వేసిన గుంత పక్కన పెళ్లి పందిరా? అపశకునం!" అన్నారు. ఆయన ప్లాన్ ఏంటో తెలుసా? ఆ వరసంతా బాత్రూములు. ఏడో గది గుంతను ఇంకొంచెం లోతు చేసి సెప్టిక్ ట్యాంక్. "సగం గుంత రెడీమేడ్‌గా ఉంది, తవ్వకం ఖర్చు మిగిలింది" అని సంతోషం.

నా చాయ్‌లో మూడు చెంచాలు. కుళ్లుకో.

ఉదయ


అమ్రోలి
ఆగస్టు 14

ఓ పిచ్చి పిల్లా,

నీ ఫోటో చూసినంక నా చాయ్ సల్లారిపోయింది. మీ అమ్మతోని ఫోటోను పెద్దగ చేయించి, కండ్లద్దాలు తుడిచి తుడిచి చూసిన. మీ నాయిన రఘుపతి జోల్వా మిల్లు నుంచి వచ్చేదాంక గట్లనే కూసున్న. వాడచ్చి, "ఏమైంది బాపూ, పెయ్యి బాగలేదా" అన్నడు.

శిక్ష గుంత గాదే అది. గుంట మగ్గం!

నవ్వకు. నువ్వు ఇంజినీరువు, నేను నాలుగు సదివి అయిదుల గోడ దుంకినోణ్ని. కానీ గుంత ముచ్చట నాకు చెప్పకు. మా బాపు మగ్గం కోరుట్ల పక్కన మా ఇంట్ల గిదే తీరుగ ఉండె. నేను పాకుకుంట పోయి అండ్ల పడ్డ, నుదిటి మీద మచ్చ చూసినవ్ గదా? మీ అమ్మకు పులి గీరిందని చెప్పిన. పెండ్లయిన కొత్తల నమ్మింది పాపం.

ఎవలన్న శిక్ష కోసం గుంత తవ్వితే నడిమిట్ల తవ్వుతడు గని, గోడకు మూరెడు దూరంల, ఎలుతురు ఎడమ దిక్కు నుంచి పడేటట్టు కొలిసి తవ్వుతడా? అంచుకు చెక్క ఏస్తడా? శిక్ష వడ్డోనికి కూసునే సుఖం ఎందుకు?

నేను చెప్పినట్టు చెయ్యి. ఒకటి, ఆ అంచు మీద కూసోని కాళ్లు లోపలికి ఇడువు. మడిమెలు ఆనే కాడ నేల అరిగి రెండు పల్లాలు ఉండాలె. తొక్కుడు చెక్కలు తొక్కినోని కాళ్లు గవి. రెండు, నీ ఎదురుంగ గోడకు, నేలకు జానెడు ఎత్తుల మగ్గం కర్రలు గుచ్చే రంధ్రాలు ఉన్నయా చూడు. మూడు, నువ్వు కూసున్న కాడ అంచు నున్నగ అరిగి ఉండాలె. నేతగాని పిర్రలకు మించిన, చెక్క నున్నగ గీకే రందె ఈ లోకంల లేదు.

ఈ మూడు లేకపోతే నేను తప్పు. నేను తప్పయితే మీ అమ్మ కప్పుల గురించి ఇంకెన్నడు మాట్లాడ. గంత పెద్ద పందెం కడుతున్ననంటే అర్థం చేసుకో.

ముత్యం


పేషెన్స్ ఎస్టేట్
ఆగస్టు 24

తాతా,

గెలిచావు. కప్పుల గురించి నీ ఇష్టం వచ్చినంత మాట్లాడుకో.

కానీ ముందు నా అవమానం విను. గుంతలోకి కాళ్లు దించి కూర్చున్నాను. బాగానే కూర్చున్నాను. లేవడమే రాలేదు. ప్యాంటు చెక్కకు పట్టుకుంది. కింద కాళ్ల దగ్గర కప్ప ఒకటి ఉంది, అది కూడా కంగారు పడింది. మిస్ డాలీ ఒక చేయి, మేస్త్రీలు ఇద్దరు ఇంకో చేయి పట్టి లాగారు. "శిక్ష గుంత అని చెప్పానా లేదా?" అంది ముసలమ్మ.

అప్పుడు టార్చి వేసి చూపించాను. కింద రెండు పల్లాలు, పక్కపక్కనే. ఎడమది కొంచెం లోతు. నా మడమలు వాటిలో అచ్చం సరిపోయాయి. ఎదుటి గోడకు రెండు రంధ్రాలు, ఒకదాంట్లో కర్రముక్క ఇంకా ఇరుక్కుని ఉంది. అంచు చెక్క మధ్యలో నున్నగా, దోసిలిలా అరిగిపోయి ఉంది. నువ్వు ఫోటోలో కనిపించనివి మూడు చెప్పావు, మూడూ ఉన్నాయి.

మిస్ డాలీకి వివరంగా చెప్పాను. మా తాత ఇలా చూసి ఇలా చెప్పాడని. ఆవిడ నా టార్చి తీసుకుని తనే మళ్లీ లోపలికి వేసి చూసింది. తర్వాత చెప్పింది: వాళ్ల ముత్తాత ఆదివారాలు ఆ గుంతలో కూర్చుని పాడేవాడని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునేవారట. ఆదివారం ఒక్కరోజే తోటలో పని ఉండేది కాదు. నొప్పికి పాడేవాడని అందరూ అనుకున్నారు. "ఆదివారం సెలవు కదా, సెలవునాడు శిక్ష ఎవరు వేస్తారని నాకెప్పుడూ తోచలేదు. ముప్పై ఏళ్లుగా వచ్చినవాళ్లందరినీ ఏడిపించాను" అంది. అని, నెత్తికి కట్టుకున్న రుమాలు విప్పి ఆ అంచు చెక్క తుడిచింది. పిల్లాడి మూతి తుడిచినట్టు తుడిచింది తాతా.

ఆరు రోజులు ఇంకొకరి చెరుకు నరికి, ఏడో రోజు తన పని తను చేసుకున్నాడు. చేసుకోవడానికి పడుకునే గదిలోనే చోటు తవ్వుకున్నాడు.

పరిగెత్తుకుంటూ వెళ్లి చిరాగ్‌భాయ్‌కి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. విని, "మగ్గమైతే ఇంకా మంచిది, అపశకునం లేదు. కానీ గుంత గుంతే కదా? ట్యాంక్ అక్కడే" అన్నారు. అక్టోబర్ నాలుగున కాంక్రీటు. డ్రాయింగ్ మీద సైట్ ఇంజినీరు సంతకం కావాలి. సైట్ ఇంజినీరు ఎవరో నీకు తెలుసు.

ఉదయ


అమ్రోలి
సెప్టెంబర్ 7

బిడ్డా,

మగ్గం మీద మలం ట్యాంకా! నేను ఇన్నంక రెండు రోజులు ఎవలనీ ఏడిపియ్యలే. మీ అమ్మ పరేషాన్ అయ్యి డాక్టర్‌కు ఫోన్ చేసింది.

నిన్న సగ్రాంపురా పోయి ఠాకోర్ శేఠ్‌ను కలిసిన. ఇద్దరు చెవిటోళ్లు మాట్లాడుకుంటే ఎట్లుంటదో ఎర్కేనా? మాకు తప్ప వాడకట్టు మొత్తానికి వినవడ్డది. శేఠ్‌కు ఇప్పుడు చెవుల మిషన్లు వచ్చినయి, రెండు. బఠాణి గింజంత ఉన్నయి. "ఎంతకు కొన్నవ్ శేఠ్" అంటే చెప్పిండు. గా పైసలకు నేనైతే ఇంకో చెవు కొంట.

తినమని సెనగపిండి లోచో పెట్టిండు. తిన్నంక ఫోటో చూపిచ్చిన. ఏం చెప్పకుంటనే చూపిచ్చిన. ఎట్లనో చూద్దామని. శేఠ్ ఫోటో మీద ఏలు వెట్టి, గుంత అంచు పొంటి నడిపిచ్చిండు. "సాళ్ ఛే," అన్నడు. మగ్గమే అన్నడు. వాళ్ల తాతది జరీ మగ్గం, నాకు గప్పుడు యాదికొచ్చింది. పెద్ద కార్ఖానా మాలిక్ అయినంక మనమే మర్సిపోతం గని, ఆయన మర్సిపోలే.

ట్యాంక్ సంగతి చెప్పిన. ఆయన మొకం మాడిపోయింది. అయితే ఒక్క మాట చెప్పుండ్రి కొడుకుకు అన్న. తల అడ్డం ఊపిండు. "తాళంచెవులు అప్పజెప్పిన రోజు చిరాగ్‌కు మాట ఇచ్చిన ముత్యం. వాని దందల తలకాయ వెట్టనని. మా బాపు నా కార్ఖానల తలకాయ వెట్టి వెట్టి నన్ను సంపిండు. నేను గట్ల చెయ్య" అన్నడు.

వ్యాపారి మాట అట్లుంటది. ఇచ్చేటప్పుడు ఆలస్యం చేస్తడు, ఇచ్చినంక ఇరగదు. నేను గమ్మున లేసిన. పోయేటప్పుడు ఇంకో ప్లేట్ లోచో కట్టిచ్చిండు. బాధలున్నప్పుడు సూరత్‌ల గంతే, తినిపిస్తరు.

నువ్వు పరేషాన్ గాకు. నీ కొలువు నువ్వు చేసుకో.

ముత్యం


పేషెన్స్ ఎస్టేట్
సెప్టెంబర్ 18

తాతా,

బాగున్నాను. ఇక్కడ వాతావరణం చాలా బాగుంది. భోజనం కూడా బాగుంది. చిరాగ్‌భాయ్ మంచివారు. పని అనుకున్నదానికంటే తొందరగా అయిపోతోంది కాబట్టి వచ్చే నెల మొదట్లోనే ఇంటికి రావచ్చు. అమ్మను కంగారు పడొద్దని చెప్పు. అందరినీ అడిగానని చెప్పు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

ఉదయ


అమ్రోలి, నర్సింగం గది
సెప్టెంబర్ 19

ఉదయా,

ఇది నర్సింగం ఫోన్ల నుంచి పంపుతున్న. మీ అమ్మ చూడది. నర్సింగం చదువుడు రానోడు, వానితోని భయం లేదు.

నీ ఉత్తరం మీ అమ్మ చదివి, "చూసినవా మామా, ఎంత బుద్ధిగ రాసిందో" అని మురిసింది. నేను మురవలే. నువ్వు పుట్టినప్పటి సంది నాతోని కొట్లాడకుంట ఒక్క మాట మాట్లాడలే. గిప్పుడు ఎనిమిది లైన్లు రాసినవ్, ఒక్క వెక్కిరింపు లేదు. నా ఆరోగ్యం జాగ్రత్తనట! గా మాట పోస్టాఫీసోడు రాస్తడు, నువ్వు రాయవు.

ఆర్నెల్ల పని రెండు నెలలకే అయిపోయిందా? పొగగొట్టం నువ్వే మోసి అవతల పడేసినవా?

ఏమైందో చెప్పు. మీ అమ్మకు చెప్ప. మీ నాయినకు చెప్ప. నర్సింగానికి చెప్పినా వానికి సమజ్ కాదు.

తాత


పేషెన్స్ ఎస్టేట్
సెప్టెంబర్ 21

తాతా,

నేను సంతకం పెట్టలేదు.

చిరాగ్‌భాయ్ అరవలేదు. అరిచినా బాగుండేది. "నువ్వు కాకపోతే ఇంకొకరు, మూడోరోజుకి ఇంకో ఇంజినీరు వస్తాడు" అని నెమ్మదిగా చెప్పారు. అక్టోబర్ అయిదున నాకు టికెట్టు బుక్ చేశారు. మూడున గుంత లోతు చేసి, నాలుగున కాంక్రీటు పోస్తారు, అయిదున నేను బయలుదేరతాను. ఎలాగూ పోసేదే అయినప్పుడు సంతకం పెట్టి ఉద్యోగం ఉంచుకోవచ్చు కదా అని నాతో పనిచేసేవాళ్లు అంటున్నారు. వాళ్లది తప్పని నేను చెప్పలేకపోతున్నాను.

ప్లాన్ మార్చడం పెద్ద పని కూడా కాదు. పొగగొట్టం వెనకాల ఖాళీ స్థలం ఉంది. ట్యాంక్ అక్కడ తవ్వొచ్చు. నేను డ్రాయింగ్ గీసి కూడా ఇచ్చాను. తవ్వకానికి పది రోజులు ఎక్కువ పడుతుంది, అంతే. ఆయన చూడను కూడా చూడలేదు.

నీ మాట మీద ఇచ్చిన ఉద్యోగం. నీ ఇజ్జత్ నా చేతుల్లో ఉందని రాశావు. అందుకే చెప్పలేదు. ఇది నా మొదటి ఉద్యోగం తాతా, మధ్యలో పంపించేసిన ఇంజినీరును రేపు ఎవరు తీసుకుంటారో నాకు తెలియదు. భయంగానే ఉంది. కానీ ఆ పల్లాల్లో నా మడమలు సరిపోయాయి కదా. దానిమీద ఆ పని చేయమని కింద నా పేరు ఎలా రాయను?

మిస్ డాలీకి ఇంకా చెప్పలేదు. రోజూ పొద్దున ఆ గది ఊడ్చి వెళ్తోంది.

కోపం వచ్చిందా?

ఉదయ


అమ్రోలి, నర్సింగం గది
సెప్టెంబర్ 23

ఉదయా,

కోపం వచ్చింది. నా ఇజ్జత్‌ను చాయ్ కప్పు లెక్క ఇరిగిపోయేదనుకున్నవు గదా, అందుకు. నువ్వు సంతకం పెట్టి ఉంటే నేను నర్సింగానికి మొకం చూపియ్యకపోతుంటి.

పెట్టె సర్దకు. సర్దితే మళ్ల ఇప్పు. దసరా రెండో తారీఖు. దసరా నాడు పొద్దున తొమ్మిదిన్నరకు, మీ దిక్కు టైముకు, చిరాగ్ ఏడున్నా నువ్వు ఆయన పక్కన నిలవడు. గా డ్రాయింగ్ చేతుల పట్టుకో. ఎందుకని అడగకు.

తాత


పేషెన్స్ ఎస్టేట్
అక్టోబర్ 2

తాతా! ఏం చేశావు?

నువ్వు చెప్పినట్టే తొమ్మిదిన్నరకు చిరాగ్‌భాయ్ పక్కన నిలబడ్డాను. ఆయన ఏడో గది ముందే కాంక్రీటు మిక్సర్ ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నారు. ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చింది. దసరా పూజ, పెద్దాయన దీవెనలు. ఆయన చెప్పులు విప్పి, చేతులు జోడించి, ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. నాకు కూడా కనిపించింది. తెల్లటోపీతో శేఠ్. ఆయన భుజం మీంచి ఒక మీసం. ఆ మీసం నాకు తెలుసు.

"జై శ్రీకృష్ణ బాపూజీ" అన్నారో లేదో, నీ గొంతు! ట్రినిడాడ్‌కు ఫోన్ అక్కర్లేదు తాతా, నువ్వు కిటికీ తీసి అరిచినా వినిపించేది. "చిరాగ్‌భాయ్, శేఠ్ చెప్తుండు, ఏడో గదిల గుంత మగ్గం గుంత, దాని జోలికి పోవద్దంటుండు, ట్యాంక్ పొగగొట్టం ఎనుక తవ్వమంటుండు, గదేనా శేఠ్?" అన్నావు. శేఠ్ ఫోన్‌లోకే చూస్తూ, "హా హా, బరాబర్" అన్నారు. చిరాగ్‌భాయ్ మొహం తెల్లబోయింది. "బాపూజీ, మీరే చెప్తున్నారా?" అని అడిగారు. మళ్లీ నువ్వు, "పండుగ నాడు మగ్గాన్ని మొక్కాలె గని పాడు చెయ్యొద్దు, గదేనా శేఠ్?" ఆయన మళ్లీ "హా హా, బరాబర్!" ఈసారి చెయ్యి కూడా ఎత్తారు.

ఫోన్ పెట్టేశాక చిరాగ్‌భాయ్ మిక్సర్‌వాళ్లను ఆగమని చెయ్యి ఊపారు. "ఎనిమిదేళ్లలో బాపూజీ నా పనిలో ఇది చెయ్యి అని ఒక్కమాట అనలేదు" అన్నారు. "మొదటిసారి అన్నారు, అదీ దసరా నాడు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ డ్రాయింగ్ ఏదీ?" అని చెయ్యి చాపారు. నా చేతిలోనే ఉంది.

మిక్సర్ పొగగొట్టం వెనక్కి జరిగింది. నా టికెట్టు క్యాన్సిల్ అయ్యింది. క్యాన్సిల్ చార్జీ నా జీతంలోంచి కోస్తారట, ఆయన ఆయనే. పైగా మధ్యాహ్నానికే కొత్త ఆలోచన: "మగ్గం దగ్గర పెళ్లికొడుకు పెళ్లికూతురు ఫోటో, దానికి వేరే ప్యాకేజీ!"

మిస్ డాలీకి అంతా చెప్పాను. మీ తాత తాగుతాడా అని అడిగింది. చాయ్ మాత్రమే అన్నాను. రమ్ సీసా పంపిస్తానంది. వచ్చే ఆదివారం ఆ గదిలో కూర్చుని వాళ్ల ముత్తాత పాట పాడుతుందట, తనకు గుర్తున్నంత మేరకు. మాటలకు అర్థం ఆవిడకు తెలియదు. రికార్డు చేసి పంపుతాను. నీకు వినపడకపోతే అమ్మ విని రాసి పెడుతుంది.

కానీ ఇది చెప్పు. తలకాయ పెట్టనని మాట ఇచ్చిన మనిషి చేత ఎలా అనిపించావు?

ఉదయ


అమ్రోలి, నర్సింగం గది
అక్టోబర్ 4

బిడ్డా ఉదయా,

ఇది కూడ నర్సింగం ఫోన్ల నుంచే. చదివినంక కొట్టెయ్యి.

దసరా నాడు ఫాఫ్డా జిలేబీ కట్టిచ్చుకొని, జమ్మి ఆకు పట్టుకొని శేఠ్ ఇంటికి పోయిన. పండుగ నాడు మన దిక్కు రాత్రి ఏడింటికి శేఠ్ కొడుకుకు ఫోన్ల దీవెనలిస్తడని నాకు ఎర్కే, ఏటా పోతనే గని, ఈసారి జర ముందుగాల పోయిన. శేఠ్ పూజకు స్నానం చెయ్య పోయిండు. చెవుల మిషన్లు తీసి దేవుని గద్దె మీద వెట్టిండు. నేనొక్కణ్నే ఉన్న. దేవుడున్నడు గని, ఆయన ఎవలకూ చెప్పడు.

మిషన్‌కు సిన్న మూత ఉన్నది. గోరుతోని లేపిన. లోపట బ్యాటరీ ఉన్నది, చింతగింజల సగమంత. తీసి జేబుల ఏసుకొని మూత వెట్టిన. శేఠ్ వచ్చి మిషన్లు చెవులకు తగిలిచ్చుకున్నడు. నేను "పండుగ మంచిగున్నదా" అన్న. "హా హా, బరాబర్" అన్నడు. గప్పుడే నాకు ధైర్యం వచ్చింది. మన సాంచాలోళ్ల అలవాటు నీకెర్కే గదా. ఇనవడలేదని చెప్పుకునుడు మాకు నామోషీ. ఏమడిగినా హా అంటం. నేను గట్లనే మీ అమ్మకు హా అని హా అని మూడు పెండ్లిళ్లకు పోయిన, ఎవలియో నాకు ఇప్పటికీ తెల్వదు.

మిగిలింది నువ్వు చూసినవు.

ఇంటికి బయలెల్లుతుంటే శేఠ్ గడపల నిలవడి చెయ్యి చాపిండు. "లావ్," అన్నడు. తేమ్మన్నడు. నేను ఏంది అన్న. "బ్యాటరీ" అన్నడు.

జేబుల నుంచి తీసి ఆయన చేతుల వెట్టిన బిడ్డా. ఎట్ల తెలిసింది అన్న. ఏమన్నడో ఇను. "ఫోన్ల నా బొమ్మ పక్కన నీ బొమ్మ గూడ వడ్డది ముత్యం. నీ నోరు కనవడుతనే ఉన్నది. రెండు వందల సాంచాలు నడుస్తుంటే మనం నలభై ఏండ్లు చెవులతోని మాట్లాడుకున్నమా? నోరు చూసే గదా."

థూ నా బతుకు, అనుకున్న. నేను గూడ గట్లనే మాట్లాడినోణ్నే గదా. యాదికి రాలే.

"మరి అంత ఎరుకయ్యి హా ఎందుకన్నవు శేఠ్?" అన్న. ఆయన గోడకు ఒరిగి, సిన్నగ నవ్విండు. "నేను మాట ఇచ్చింది తలకాయ వెట్టనని. చెవిటోడు ఏం ఇనవడక హా అంటే, తలకాయ వెట్టినట్టా? రేపు చిరాగ్ అడిగితే, మిషన్ల బ్యాటరీ లేకుండె అని చెప్త. అబద్ధం గూడ కాదు." మళ్ల నా భుజం మీద చెయ్యేసి, "దొంగతనం దేనికి ముత్యం? అడిగితే నేనే తీసి నీ చేతుల వెడుతుంటి గదా" అన్నడు.

గిదీ సంగతి. బ్యాటరీ తీసింది నేనే. ఒక్కటి గాదు, రెండు చెవులయి రెండు తీసిన. శేఠ్ ఒక్కటే అడిగిండు, ఒక్కటే ఇచ్చిన. రెండోది నా అంగి జేబులనే ఉన్నది. రేపు పోయి ఇచ్చస్త. రేపు వాళ్లింట్ల లోచో చెయ్యకపోతే ఎల్లుండి పోత.

మీ తాత
ముత్యం